ముక్కకూ ప్రోస్టేట్‌కూ ముడి ఎంత?

ఆదివారం పొద్దున్నే మటన్ కొట్టు దగ్గర నిలబడేవాళ్లలో అరవై దాటిన పెద్దలు చాలామందే ఉంటారు. తెలుగు నేల మీద ముక్క లేనిదే ముద్ద దిగని ఇళ్లకు కొదవ లేదు. 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ సర్వే ప్రకారం, 15 ఏళ్లు దాటినవారిలో మాంసాహారులు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 98 శాతం పైమాటే. ఆ పెద్దాయనే రాత్రి మూడు నాలుగుసార్లు బాత్రూమ్‌కు లేవడం మొదలుపెడితే, మూత్రం సన్నగా, ఆగి ఆగి వస్తోందని చెబితే ఇంట్లో వినిపించే మొదటి మాట ‘వేడి చేసింది’. ఆ నేరం కోడికూర మీదో, వేటమాంసం మీదో పడుతుంది. కొన్నాళ్లు మాంసం మానేసి బార్లీ నీళ్లు, పల్చటి మజ్జిగ తాగితే సర్దుకుంటుందన్న సలహా వెంటనే వస్తుంది.

ఈ సలహాలో నిజం పాలు ఎంత? మాంసానికీ ప్రోస్టేట్ గ్రంథికీ నిజంగా సంబంధం ఉందా? ఈ ప్రశ్నకు జవాబు కోసం శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా లక్షలాది మంది పురుషుల ఆహారపు అలవాట్లను నమోదు చేసి, ఏళ్ల తరబడి వారి ఆరోగ్యాన్ని గమనిస్తూ వచ్చారు. తేలిన జవాబు ‘అవును’ లేదా ‘కాదు’ అన్న ఒక్క మాటలో ఇమడదు. అయితే ఎక్కడ జాగ్రత్త పడాలో, ఎక్కడ అనవసరంగా భయపడుతున్నామో తెలుసుకోవడానికి అది చాలు.

చిన్న గ్రంథి, పెద్ద ఇబ్బంది

ప్రోస్టేట్ పురుషులకు మాత్రమే ఉండే గ్రంథి. యువకుల్లో అక్రోటు కాయంత పరిమాణంలో, సుమారు 20 గ్రాముల బరువుతో మూత్రాశయం కింద ఉంటుంది. వీర్యంలోని ద్రవంలో కొంత భాగాన్ని ఇది తయారు చేస్తుంది. దీని మధ్య నుంచే మూత్రమార్గం బయటికి సాగుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. గ్రంథి ఉబ్బితే మధ్యలోని గొట్టం నొక్కుకుపోతుంది. ధార సన్నబడుతుంది, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు, మళ్లీ మళ్లీ వెళ్లాల్సి వస్తుంది.

వయసు మీరేకొద్దీ పురుష హార్మోన్ల ప్రభావంతో ఈ గ్రంథి పెరగడం సర్వసాధారణం. క్యాన్సర్ కాని ఈ పెరుగుదల లక్షణాలు 50 దాటినవారిలో దాదాపు సగం మంది గ్రంథి కణజాలంలో కనిపిస్తాయి. 80 దాటినవారిలో పది మందిలో ఎనిమిది మందికి పైగా ఉంటాయి. వీరందరికీ ఇబ్బంది కలగాలని లేదు. ఇబ్బంది పడేవారిలోనూ చాలామందికి మందులతో ఉపశమనం దొరుకుతుంది.

ప్రోస్టేట్ క్యాన్సర్ వేరే సమస్య. గ్రంథి పెరిగినంత మాత్రాన అది క్యాన్సర్‌గా మారదు. కానీ రెండూ ఒకే వయసులో, ఒకే గ్రంథిలో వస్తాయి. కొన్నిసార్లు ఒకే రకమైన లక్షణాలు చూపిస్తాయి. అందుకే మాంసం ప్రభావం గురించి మాట్లాడేటప్పుడు ఈ రెంటినీ విడివిడిగా చూడాలి.

గ్రంథి పెరుగుదలలో ఆహారం పాత్ర

పెద్దాయన రాత్రి నిద్రలేమికి అసలు కారణమయ్యే మామూలు పెరుగుదల మీద పరిశోధనలు తక్కువే జరిగాయి. వాటిలో చెప్పుకోదగినది అమెరికాలో 4,770 మంది పురుషులను 7 ఏళ్ల పాటు గమనించి 2008లో వెలువరించిన అధ్యయనం. గొడ్డుమాంసం, పంది మాంసం, వేటమాంసం వంటి ఎర్ర మాంసాన్ని రోజూ తినేవారిలో, వారానికి ఒకసారి కూడా తిననివారితో పోలిస్తే, లక్షణాలతో కూడిన ప్రోస్టేట్ పెరుగుదల ముప్పు 38 శాతం ఎక్కువగా కనిపించింది. కొవ్వు పదార్థాలు ఎక్కువగా తినేవారిలోనూ ముప్పు పెరిగింది. రోజుకు నాలుగు లేదా అంతకంటే ఎక్కువసార్లు కూరగాయలు తినేవారిలో మాత్రం సుమారు మూడో వంతు తగ్గింది.

ఇది పరిశీలన మాత్రమే. మాంసమే గ్రంథిని పెంచిందని దీంతో రుజువు కాదు. రోజూ మాంసం తినేవారి జీవనశైలిలో ఇంకేవో తేడాలు ఉండవచ్చు. ఇక్కడ పోల్చింది రోజూ తినేవారినీ, వారానికి ఒక్కసారైనా తిననివారినీ అన్న సంగతి కూడా మరిచిపోకూడదు. వారానికోసారి తినే కూర ఈ రెంటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. రెండు వారాలు మానేస్తే పెరిగిన గ్రంథి కరిగిపోతుందన్న నమ్మకానికి మాత్రం ఇందులో ఆధారం లేదు. దశాబ్దాలుగా పెరిగిన కణజాలం పథ్యంతో వెనక్కి తగ్గదు.

ప్రపంచ పటం రేపిన అనుమానం

క్యాన్సర్ విషయంలో మాంసం మీద అనుమానం మొదట ప్రపంచ పటం చూసి కలిగింది. 2020 లెక్కల ప్రకారం, వయసు తేడాలను సరిచేసి చూస్తే ఉత్తర ఐరోపాలో ఏటా లక్ష మంది పురుషుల్లో 83 మందికి కొత్తగా ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడుతోంది. మన దేశం ఉన్న దక్షిణ మధ్య ఆసియాలో ఆ సంఖ్య 6 దాకా మాత్రమే. మాంసం, వెన్న, పాలు ధారాళంగా తినే దేశాల్లో ఈ క్యాన్సర్ ఎక్కువ, అన్నం, పప్పు, కూరగాయలతో గడిపే దేశాల్లో తక్కువ. పైగా జపాన్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబాల్లో ఈ క్యాన్సర్ రేటు జపాన్‌లో ఉన్నవారి కంటే పెరిగింది. జన్యువులు మారలేదు, ఊరూ ఆహారమూ మారాయి. దీంతో పరిశోధకుల చూపు తినే కంచం మీద పడింది.

అయితే దేశాల మధ్య తేడాకు ఆహారం ఒక్కటే కారణం కాదు. రక్తంలో పీఎస్‌ఏ అనే ప్రొటీన్‌ను కొలిచే పరీక్ష సంపన్న దేశాల్లో విరివిగా చేస్తారు. ఎక్కువగా వెతికినచోట ఎక్కువగా దొరుకుతాయి. వేరే కారణాలతో చనిపోయిన వృద్ధుల దేహాలను పరీక్షించినప్పుడు, బతికినంత కాలం ఏ ఇబ్బందీ పెట్టని చిన్న చిన్న ప్రోస్టేట్ కణితులు చాలామందిలో బయటపడ్డాయి. ఈ ఒక్క విషయమే మాంసంపై జరిగిన అధ్యయనాలన్నింటినీ చిక్కుల్లో పడేసింది. దాని సంగతి కాసేపట్లో.

నిప్పు మీద పుట్టే రసాయనాలు

మాంసం ప్రోస్టేట్‌కు హాని చేయగల మార్గాలు ఏమిటి? శాస్త్రవేత్తలు ఎక్కువగా పరిశీలించినది మాంసంలో ఉన్న పదార్థం కంటే, వండేటప్పుడు అందులో పుట్టే పదార్థాన్ని. 1970ల చివర్లో జపాన్ జాతీయ క్యాన్సర్ కేంద్రంలో తకాషి సుగిమురా బృందం కాల్చిన చేపల మాడులో, పొగలో జన్యువులను దెబ్బతీసే పదార్థాలు ఉన్నాయని గుర్తించింది. కండరంలో సహజంగా ఉండే క్రియాటిన్, అమైనో ఆమ్లాలు, చక్కెరలు అధిక వేడిలో కలిసి హెటెరోసైక్లిక్ అమైన్లు అనే రసాయనాలుగా మారుతాయి. సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాటాక ఇవి వేగంగా తయారవుతాయి. వేపిన గొడ్డుమాంసం ఖీమా నుంచి 1986లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు ‘పీహెచ్‌ఐపీ’ అనే అమైన్‌ను వేరుచేశారు. 1997లో జపాన్ పరిశోధకులు దీన్ని మగ ఎలుకలకు తినిపిస్తే వాటి ప్రోస్టేట్‌లో క్యాన్సర్ వచ్చింది.

ఎలుకలకు ఇచ్చిన మోతాదు మనిషి కంచంలోకి వచ్చే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా ఈ రసాయనం ప్రోస్టేట్‌ను కూడా తాకడం పరిశోధకులను ఆలోచనలో పడేసింది.

రెండో మార్గం పొగ. కబాబ్, తందూరీ వంటివి నిప్పుల మీద కాలుతున్నప్పుడు కొవ్వు చుక్కలు మంటలో పడి పొగ లేస్తుంది. అందులోని బెంజోపైరీన్ వంటి పదార్థాలు మాంసానికి అంటుకుంటాయి. ఇవి సిగరెట్ పొగలో ఉండే రసాయనాల కోవకే చెందినవి. మూడోది, సాసేజ్, బేకన్, సలామీ వంటి నిల్వ మాంసాల్లో కలిపే నైట్రైట్ లవణాలు. వీటి నుంచి కడుపులో హానికర సమ్మేళనాలు పుట్టగలవు.

నాలుగోది ఐజీఎఫ్-1 అనే వృద్ధి హార్మోన్. రక్తంలో ఇది ఎక్కువగా ఉండే పురుషుల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు కాస్త ఎక్కువ. బ్రిటన్‌లో 696 మంది పురుషులను పరీక్షిస్తే, మాంసాహారుల కంటే పాలు, గుడ్లు కూడా ముట్టని వీగన్లలో ఈ హార్మోన్ 9 శాతం తక్కువగా ఉంది. ఇందులో మాంసం కంటే పాల ప్రొటీన్ పాత్రే ఎక్కువ కావచ్చని ఆ తర్వాతి పరిశోధనలు సూచించాయి.

లక్షలాది మంది లెక్కలు

మార్గం ఉన్నంత మాత్రాన ముప్పు ఉన్నట్టు కాదు. దాన్ని తేల్చాలంటే ఆరోగ్యంగా ఉన్న పురుషులు ఏం తింటున్నారో ముందే రాసుకుని, ఎవరికి జబ్బు వచ్చిందో ఏళ్ల తరబడి గమనించాలి.

అమెరికాలో 29,361 మందిపై జరిగి 2005లో వెలువడిన పరిశీలనలో, మొత్తం మాంసానికీ ప్రోస్టేట్ క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదు. కానీ బాగా మాడిన మాంసాన్ని రోజుకు 10 గ్రాములకు మించి తినేవారిలో ముప్పు 1.4 రెట్లు ఉంది. అదే దేశంలో 1,75,343 మందిని గమనించి 2009లో ప్రకటించిన ఫలితాల్లో, ఎర్ర మాంసం అత్యధికంగా తినేవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు 12 శాతం, ముదిరిన క్యాన్సర్ ముప్పు 31 శాతం ఎక్కువగా తేలింది. దీనికి భిన్నంగా, ఐరోపాలో 1,42,251 మందిపై జరిగిన పరిశీలనలో మాంసానికీ ఈ జబ్బుకూ ముడి కనిపించలేదు.

ఒక్కో అధ్యయనం ఒక్కో మాట చెప్పినప్పుడు అన్నింటినీ కలిపి లెక్కవేయడం పద్ధతి. 2016లో 15 పరిశీలనలను కలిపి, 8,42,149 మంది పురుషుల సమాచారాన్ని ఒకచోట విశ్లేషించారు. ఎర్ర మాంసం, నిల్వ మాంసం ఎంత తిన్నా మొత్తం ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పులో చెప్పుకోదగిన తేడా లేదు. గుర్తించే నాటికే ముదిరిన కణితుల విషయంలో మాత్రం ఎర్ర మాంసంతో స్వల్ప సంబంధం కనిపించింది. కోడిమాంసం ఎక్కువగా తినేవారిలో ముదిరిన క్యాన్సర్ కొంత తక్కువగా ఉంది. అంటే మన ఇళ్లలో ‘వేడి’ చేస్తుందని మొదట పక్కన పెట్టే కోడికూరకు ఈ లెక్కల్లో ప్రోస్టేట్‌తో పేచీ కనిపించలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో 800కు పైగా అధ్యయనాలను పరిశీలించింది. నిల్వ మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలోనూ, ఎర్ర మాంసాన్ని ‘బహుశా క్యాన్సర్ కారకం’ జాబితాలోనూ చేర్చింది. ఆ తీర్పుకు ప్రధాన ఆధారం పెద్దపేగు క్యాన్సర్. ఎర్ర మాంసానికి ప్రోస్టేట్, క్లోమ క్యాన్సర్లతోనూ సంబంధం కనిపిస్తోందని చెప్పినా, పేగు విషయంలో ఉన్నంత బలం ఆ ఆధారాలకు లేదు. పొగాకు ఉన్న జాబితాలోనే నిల్వ మాంసం ఉన్నంత మాత్రాన రెండూ సమాన ప్రమాదకరం కావు. హాని చేయగలదనడానికి సాక్ష్యం ఎంత గట్టిదో ఆ జాబితా చెబుతుంది. ఎంత హాని చేస్తుందో చెప్పదు.

శాకాహారులకు ముప్పు తక్కువా?

బ్రిటన్‌లో 4,72,377 మందిని సగటున 11 ఏళ్లకు పైగా గమనించి 2022లో ప్రచురించిన అధ్యయనం ఆసక్తి రేపింది. వారానికి ఐదుసార్లకు మించి మాంసం తినేవారితో పోలిస్తే, చేపలు మాత్రమే తినేవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 20 శాతం, శాకాహారుల్లో 31 శాతం తక్కువగా నమోదైంది. మాంసం తింటూనే వారానికి ఐదుసార్లు మించని వారిలో అలాంటి తగ్గుదల స్పష్టంగా తేలలేదు. అమెరికాలోని సెవెంత్‌డే అడ్వెంటిస్ట్ క్రైస్తవుల్లో 26,346 మంది పురుషులను పరిశీలిస్తే వీగన్లలో 35 శాతం తక్కువగా ఉంది. పాలు, గుడ్లు తీసుకునే శాకాహారుల్లో మాత్రం ఆ తేడా కనిపించలేదు.

ఈ అంకెలు చూసి వెంటనే ఒక నిర్ణయానికి రావడం తొందరపాటు. ఇందాక వాయిదా వేసిన చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. పీఎస్‌ఏ పరీక్ష చేయించుకునే అలవాటు శాకాహారుల్లో తక్కువగా ఉంటే, ఉన్న కణితులు కూడా బయటపడవు. కాబట్టి జబ్బు తక్కువైందా, గుర్తించడం తక్కువైందా అన్నది విడదీయడం కష్టం. పైగా శాకాహారులు సగటున సన్నగా ఉంటారు, పొగ తాగడం తక్కువ, కూరగాయలు, పప్పులు తినడం ఎక్కువ. తగ్గిన ముప్పు మాంసం మానడం వల్లనా, దాని స్థానంలోకి వచ్చిన ఆహారం వల్లనా, బరువు వల్లనా అని అంకెలు తమంతట తాము చెప్పవు.

జబ్బు వచ్చాక ఆహారం మారిస్తే?

అమెరికా వైద్యుడు డీన్ ఆర్నిష్ తొలి దశ ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 93 మందితో చేసిన ప్రయోగం 2005లో వెలువడింది. కొవ్వు బాగా తగ్గించిన పూర్తి శాకాహారం, నడక, యోగా కలిపి ఏడాది పాటించినవారిలో పీఎస్‌ఏ 4 శాతం తగ్గింది. పాటించనివారిలో 6 శాతం పెరిగింది. ఎన్నో ఆశలు రేపిన ఈ ప్రయోగం చిన్నది. అన్ని మార్పులూ ఒకేసారి చేయడంతో ఏది పనిచేసిందో తెలియలేదు.

2020లో 478 మందిపై ముగిసిన పెద్ద ప్రయోగం వేరే ఫలితం ఇచ్చింది. రోజూ కూరగాయలు బాగా పెంచి తిన్నవారిలో రెండేళ్ల తర్వాత కూడా క్యాన్సర్ ముదిరే వేగం తగ్గలేదు. గుండెకూ, బరువుకూ కూరగాయలు చేసే మేలు ఎటూ పోదు. చికిత్సకు అవి ప్రత్యామ్నాయం మాత్రం కావు. మాత్రల సంగతి మరీ హెచ్చరిక లాంటిది. 35,533 మందికి విటమిన్-ఇ, సెలీనియం ఇచ్చి చూసిన ప్రయోగంలో, విటమిన్-ఇ మాత్రమే తీసుకున్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగింది. ‘ప్రోస్టేట్‌కు మంచిది’ అన్న మాట నమ్మి సొంతంగా మాత్రలు కొనుక్కునేవారు గుర్తుంచుకోవాల్సిన ఫలితమిది.

మన వంటింటికి వస్తే

మనుషులపై జరిగిన పై అధ్యయనాల్లో ఎక్కువ భాగం అమెరికా, ఐరోపా దేశాల్లో జరిగినవే. అక్కడి పరిశీలనల్లో ‘ఎర్ర మాంసం’ అంటే ఎక్కువగా పెనం మీద, మంట మీద కాల్చిన గొడ్డుమాంసం, పంది మాంసం. తెలుగు ఇళ్లలో వారానికోసారి వండే వేటమాంసం పులుసు పరిస్థితి వేరు. నీరు ఉన్నంతసేపు గిన్నెలో వేడి 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ప్రెజర్ కుక్కర్‌లోనూ 120 డిగ్రీలకు మించదు. హెటెరోసైక్లిక్ అమైన్లు గట్టిగా పుట్టే వేడి అది కాదు. గోంగూర మాంసం, దోసకాయ మాంసం, మునక్కాయ మాంసం వంటి వంటకాల్లో ముక్కతో పాటు కూరగాయ కూడా కంచంలోకి వస్తుంది. పసుపు, వెల్లుల్లి, నిమ్మరసం వంటివి పట్టించి నానబెట్టిన మాంసంలో ఈ రసాయనాలు తక్కువగా తయారవుతాయని ప్రయోగాలు చూపాయి.

నూనెలో నల్లగా వేగే వేపుడు, నిప్పుల మీద మాడిన కబాబ్, డబ్బాల్లో, ప్యాకెట్లలో వచ్చే సాసేజ్, సలామీలు ఈ లెక్కలోకి రావు. అలవాటు మార్చుకోవాలనుకుంటే మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే. మంట నేరుగా తగలకుండా చూడడం, ముక్కలను తరచూ తిప్పుతూ ఉండడం, ముందే కొంత ఉడికించి తర్వాత కాల్చడం, మాడిన భాగం తీసేయడం తేలికైన జాగ్రత్తలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లతో నిండాలి. ఆదివారం కంచం సాధారణంగా తప్పేది ఈ సగం దగ్గరే.

ఆహారానికి సంబంధించి ప్రోస్టేట్ విషయంలో ఉన్నవాటిలో గట్టి ఆధారం మాంసం మీద కాదు, ఒంటి కొవ్వు మీద ఉంది. ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి నిపుణులు మాంసం గురించి ఏ నిర్ణయానికీ రాలేకపోయారు. ఒంటి కొవ్వు పెరిగేకొద్దీ ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని మాత్రం స్పష్టంగా చెప్పారు. మాంసం మానేసి, ఆ లోటును పూరీలతో, మిఠాయిలతో పూడ్చుకుని పొట్ట పెంచుకుంటే ప్రోస్టేట్‌కు ఒరిగేదేమీ లేదు.

పథ్యం కంటే ముందు పరీక్ష

ప్రోస్టేట్ క్యాన్సర్‌లో వయసు, వంశం ఆహారం కంటే పెద్ద కారణాలు. తండ్రికో, అన్నదమ్ములకో ఈ జబ్బు ఉంటే ముప్పు సుమారు రెట్టింపు అవుతుంది. భారత్‌లో రేటు తక్కువే అయినా, ఆయుర్దాయం పెరుగుతున్నకొద్దీ కేసులు పెరుగుతున్నాయి. 2022లో దేశంలో దాదాపు 38 వేల కొత్త కేసులు నమోదైనట్టు అంతర్జాతీయ అంచనా. ప్రపంచవ్యాప్తంగా 2020లో 14 లక్షలున్న వార్షిక కేసులు 2040 నాటికి 29 లక్షలకు చేరతాయని లాన్సెట్ కమిషన్ 2024లో హెచ్చరించింది. మన దేశంలో చాలామంది జబ్బు ఎముకలకు పాకాకే వైద్యుడి దగ్గరకు వెళ్తున్నారు. గ్రంథి దాటకముందే గుర్తిస్తే ఈ క్యాన్సర్‌ను చాలావరకు అదుపు చేయవచ్చు. కొందరికి వెంటనే చికిత్స కూడా అక్కర్లేదు, క్రమం తప్పకుండా గమనిస్తూ ఉంటే సరిపోతుంది.

‘వేడి చేసింది’ అన్న మాటతో వచ్చే నష్టం ఇదే. ధార సన్నబడడం, రాత్రిళ్లు పదేపదే లేవడం, ఆపుకోలేకపోవడం కొన్ని వారాలు కొనసాగితే యూరాలజిస్ట్‌కు చూపించాలి. మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా, నడుము, తుంటి ఎముకల్లో తగ్గని నొప్పి ఉన్నా ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. 50 ఏళ్లు దాటినవారు, కుటుంబంలో ఈ జబ్బు ఉంటే 45 నుంచే, పీఎస్‌ఏ పరీక్ష అవసరమా కాదా అన్నది వైద్యుడితో చర్చించి నిర్ణయించుకోవడం మంచిది. మామూలు పెరుగుదలలోనూ, ఇన్‌ఫెక్షన్‌లోనూ పీఎస్‌ఏ పెరుగుతుంది కాబట్టి, ఒక్క అంకె చూసి క్యాన్సర్ అనుకుని బెంబేలెత్తనక్కర్లేదు.

వారానికోసారి పులుసులో ఉడికిన నాలుగు ముక్కలు తిన్నందుకు పెద్దాయన తనను తాను నిందించుకోవాల్సిన పని లేదు. రోజూ తింటుంటే తగ్గించుకోవడం, మాడినవి, నిల్వ చేసినవి పక్కన పెట్టడం, కంచంలో కూర, ఆకుకూర పెంచడం, పొట్ట తగ్గించడం ప్రోస్టేట్‌తో పాటు గుండెకూ పేగుకూ మేలు చేసే మార్పులు. వాటిని ఈ ఆదివారం నుంచే మొదలుపెట్టవచ్చు. వైద్యుడి అపాయింట్‌మెంట్ మాత్రం సోమవారానికే తీసుకోవాలి.